ప్రీకాస్ట్ ఫ్యాక్టరీలో లీన్: బోర్డులు వచ్చాయి, ప్యాచ్ పని తగ్గలేదు

విభాగం: చెన్నై తెలుగు ఇంజినీర్లు › తయారీ, నిర్మాణం

ఒరగడం_క్యూసీ

అందరికీ నమస్తే. ఒరగడం దగ్గర ఒక ప్రీకాస్ట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తున్నాను. అపార్ట్‌మెంట్ల గోడలు, స్లాబులు, మెట్లు ఇక్కడ పోసి ట్రెయిలర్ల మీద సైటుకి పంపుతాం. అక్కడ క్రేన్‌తో నిలబెట్టి జాయింట్లలో గ్రౌట్ (జారుగా ఉండే సిమెంటు మిశ్రమం) నింపుతారు.

పోయినేడు మా మేనేజ్‌మెంటుకి లీన్ మీద, అంటే వృథానీ తిరిగి చేసే పనినీ తగ్గించే టయోటా తరహా పద్ధతి మీద మనసైంది. కన్సల్టెంట్లు వచ్చారు. నేల మీద పసుపు గీతలు, పనిముట్లు తగిలించే బోర్డులు, గోడ నిండా పచ్చా ఎరుపూ చార్టులు, పొద్దున్నే నిలబడి పది నిమిషాల మీటింగు. షెడ్డు శుభ్రపడింది, కాదనను. క్లయింట్లు వచ్చి ఫొటోలు కూడా తీసుకుపోతారు. ప్యానెల్ నాణ్యత మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అచ్చులోంచి లేచిన ప్యానెల్ ఏ రిపేరూ లేకుండా యార్డుకి వెళ్ళడం మా దగ్గర అపురూపం. అంచు రాలిందనో, ముఖం నిండా గాలిబుడగల గుంటలనో, అడుగున హనీకూంబ్ (కాంక్రీటు నిండక తేనెపట్టులా బొరియలు) పడిందనో, స్విచ్ బాక్సు పక్కకి జరిగిందనో ఏదో ఒకటి. వీటిని సరిచేయడానికి ఫినిషింగ్ గ్యాంగ్ అని ఒకటుంది. పోత పోసే గ్యాంగ్ కన్నా అదే పెద్దది. తమాషా ఏమిటంటే, కన్సల్టెంట్లు గీసిన ప్రాసెస్ చార్టులో కూడా డీమౌల్డింగ్‌కీ (అచ్చులోంచి తీయడం) యార్డుకీ మధ్య 'ఫినిషింగ్' అని ఒక గడి ఉంది! రిపేరు ఒక డిపార్ట్‌మెంటు అయి కూర్చుంది. దానికి బడ్జెట్ ఉంది, సూపర్‌వైజర్ ఉన్నాడు, నెలవారీ టార్గెట్ కూడా ఉంది.

ఇలాంటి చోట లీన్‌ని నిజంగా పనిచేయించినవాళ్ళెవరైనా ఉన్నారా? ఏ కొస పట్టుకోవాలి?

ఆటోలైన్_శీను

మేడం, మాది చిత్తూరు, ఇరుంగాట్టుకోట్టై వైపు కార్ల పార్టుల లైన్లో ఉండాను. ఇండ్ల సంగతి నాకు తెలీదు. ఒకటే ప్రశ్న. మీ దగ్గర తప్పు చేసినాయనకి, తప్పు జరిగిందని ఎప్పుడు తెలస్తాది?

మా లైన్లో తలపైన ఒక తాడుంటాది. బోల్టు సరిగా కూర్చోలేదంటే లాగతారు. దీపం వెలగతాది, టీమ్ లీడర్ వస్తాడు. ఆ స్టేషన్‌కి ఇచ్చిన టైములోపల సర్దలేకపోతే లైన్ నిలిచిపోతాది. తాడు లాగినాడని ఎవురినీ తిట్టరు. టయోటా వాళ్ళకి ఇది కార్లతో వచ్చిన బుద్ధి కూడా కాదు. సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గంలో దారం తెగితే మగ్గం దానంతటదే నిలిచేది. తెగిన పోగుతో గజాలకి గజాలు నేసేసి, ఆనక గుడ్డ ఏరుకునే పని లేదు. మాది నేత ఇల్లే, అందుకే ఈ సంగతి నాకు ట్రైనింగ్‌లో మొదటి రోజే ఎక్కింది.

మీ కన్సల్టెంట్లు గీతలు గీసినారు, సరే. ఆపే అధికారం ఎవురికి ఇచ్చినారు?

ఒరగడం_క్యూసీ

ఎవరికీ ఇవ్వలేదు శీనుగారూ. పోతకి ముందు చెక్‌లిస్టు మీద మా క్యూసీ సంతకం ఉండాలి. కాంక్రీటు బకెట్ వచ్చి తల మీద వేలాడుతుంటే ఆ సంతకం ఎలా పడుతుందో అందరికీ తెలుసు.

మీ ప్రశ్నకి జవాబు: కంటికి కనిపించేవి మర్నాడు పొద్దున ఎత్తినప్పుడు తెలుస్తాయి. అచ్చు కొలతలో తేడా, డోవెల్ గొట్టం (కింది అంతస్తు కడ్డీ దూరే గొట్టం) జరగడం, బాక్సు ఎత్తు తప్పడం లాంటివి సైటులో నిలబెట్టినప్పుడే. యార్డులో ఎప్పుడూ ఓ 600 ప్యానెళ్ళుంటాయి. సైటు రోజుకి ఓ 20 నిలబెడుతుంది.

ఆటోలైన్_శీను

600ని 20తో భాగిస్తే 30. ఈరోజు అచ్చులో జరిగిన తప్పు సైటులో బయటపడేది 30 పనిదినాల తరవాత. ఈలోపల అదే అచ్చులో రోజుకొకటి లెక్కన ఇంకో 30 పోసేసి ఉంటారు. అన్నీ ఒకే తప్పుతో, వరసగా, మీ యార్డులోనే నిలబడి ఉంటాయి. అంత స్టాకు చూసి మీవోళ్ళు ధైర్యంగా ఉండారేమో. నాకైతే అది భయం.

స్టాకు సగం చేయండి. ఇంకేమీ చేయకపోయినా తప్పు బయటపడే టైము సగమవుతాది. పసుపు గీతల కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

నమ్మను_గాక_నమ్మను

కార్ల ఫ్యాక్టరీ ముచ్చట్లు ఇండ్ల కాడ నడవయ్ అన్నా. మీ లైన్ల ఒకటే మోడల్ లక్షల్ల పోతది. ఇండ్ల కాడ ప్రతి ప్రాజెక్టుకు ప్లాన్ మారుతది, మట్టి మారుతది, కాంట్రాక్టర్ మారుతడు.

ఇంకోటి, స్టాకు సగం చెయ్యమంటున్నరు. చెన్నైల అక్టోబర్ నుంచి డిసెంబర్ దాంక వానలు. 2015 వరదలు చూసినం, 2023ల మిచాంగ్ తుఫాన్ చూసినం. ఊర్లెకు పెద్ద బండ్లను పగటిపూట ఏ టైముల పడితే ఆ టైముల రానియ్యరు. యార్డుల సరుకు లేకుంటే సైటుల క్రేన్ కిరాయి ఎవరు కడతరు?

ఇగ ఫ్యాక్టరీ ఇండ్ల సంగతి. అమెరికల కటెర్రా అని 2015ల మొదలుపెట్టిన్రు. రెండు వందల కోట్ల డాలర్ల పైన పెట్టుబడి. 2018ల మన కృష్ణగిరి ఫ్యాక్టరీ ఉన్న కేఈఎఫ్ ఇన్‌ఫ్రాను కూడా కలుపుకున్నరు. 2021ల దివాలా. అంత పైసలు, అంత టెక్నాలజీ ఉన్నోళ్ళకే కానిది మనకైతదా?

పాతకాలపు_కాంక్రీటు

నేను రిటైరైనవాణ్ణి, తీరిక ఎక్కువ, కొంచెం పెద్దగానే రాస్తాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మొదట కటెర్రా. డిజైను, తయారీ, కలప, కిటికీలు, కాంట్రాక్టింగ్ అన్నీ ఒక్కసారే సొంతంగా చేయాలని, ఒక ఉత్పత్తి కుదురుకోకముందే పదింటిలో చెయ్యి పెట్టారు. ఫ్యాక్టరీలో ఇల్లు కట్టడం అసాధ్యం అనడానికి దాన్ని సాక్ష్యంగా నేను ఒప్పుకోను. జపాన్‌లో సెకిసుయ్ హైమ్ 1971 నుంచి ఇళ్ళని పెట్టెలు పెట్టెలుగా ఫ్యాక్టరీలో చేసి అమ్ముతోంది. టయోటా 1975లో ఇళ్ళ వ్యాపారంలోకి దిగింది. అక్కడ అవి చవక అని కొనరు, గట్టివి అని కొంటారు. మనవాళ్ళు ఫ్యాక్టరీ ఇల్లు అనగానే చదరపు అడుగుకి ఎంత తగ్గుతుంది అని అడుగుతారు. తగ్గదండీ, చాలాసార్లు పెరుగుతుంది. వచ్చే లాభం వేగంలోనూ నాణ్యతలోనూ. ఆ రెండోది మనం సాధించకపోతే ఇక ప్రీకాస్ట్ ఎందుకు?

ప్రతి ఇల్లూ వేరు, కాబట్టి లీన్ కుదరదు అన్న వాదన 1992 నాటికే వచ్చేసింది. ఆ ఏడాది ఫిన్లాండ్ పరిశోధకుడు లౌరి కోస్కెలా స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ఒక నివేదిక రాశారు. నిర్మాణాన్ని కేవలం పనుల జాబితాగా చూస్తున్నాం, పనుల మధ్య నిరీక్షణ, మోత, తనిఖీ, తిరిగి చేయడం ఎవరి లెక్కలోకీ రావడం లేదు అన్నది దాని సారం. తరువాత గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ సైట్లలో చిన్న లెక్క తీశారు: ఈ వారం చేస్తాం అని ఒప్పుకున్న పనుల్లో వారాంతానికి ఎన్ని పూర్తయ్యాయి? సగటున 54 శాతం దగ్గర తేలింది. అందులోంచే లాస్ట్ ప్లానర్ పద్ధతి పుట్టింది. పని చేయించే ఫోర్‌మన్ తానే వారం ప్రణాళికకి మాట ఇవ్వాలి, తప్పినప్పుడు కారణం రాయాలి. లీన్ కన్‌స్ట్రక్షన్ అంతర్జాతీయ సదస్సు 2018లో మన చెన్నైలోనే జరిగింది కూడా.

స్టాకు విషయానికొస్తే, సున్నా చేయమని ఎవరూ అనడం లేదు. 2011 భూకంపం తరువాత టయోటాయే చిప్‌లు నెలల తరబడి నిల్వ పెట్టుకోవడం మొదలుపెట్టింది. వానకి భయపడి ఉంచుకునే స్టాకుకి ఒక లెక్క ఉంటుంది: ఎన్ని రోజుల వాన, రోజుకి ఎన్ని ప్యానెళ్ళు, ఏ అంతస్తువి. లెక్క లేకుండా పేరుకున్నది వాన కోసం కాదు. ఎందుకోసమో ఒరగడం అమ్మాయే చెప్పాలి, నాకు అనుమానం ఉంది.

చివరగా, ప్రీకాస్ట్‌లో నాణ్యత అంటే గుంటలు, అంచులు అనుకోవద్దు. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్యానెల్ భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. పేలుడు చిన్నదే. కానీ ఒక గోడ ప్యానెల్ బయటికి తన్నుకుపోతే పైన ఉన్న మూల మొత్తం పేకల్లా దిగింది, ఆ బరువుకి కిందివీ పోయాయి. నలుగురు చనిపోయారు. 1980ల్లో దాన్ని అంచెలంచెలుగా విప్పినప్పుడు జాయింట్లు చూస్తే కాంక్రీటు నిండాల్సిన చోట నిండలేదు. ప్యానెళ్ళు బానే ఉన్నాయి! ఆ ప్రమాదం తరువాత బ్రిటన్ నిబంధనలే మారాయి. మీ లీన్ బోర్డు మీద జాయింటుకి గడి ఉందా?

నమ్మను_గాక_నమ్మను

సార్ మీరు పెద్దోళ్ళు, కాదనలేను. కానీ అన్నీ జపాన్, అమెరికా ముచ్చట్లే. మన కాడ ఎవడు చేసిండు?

పాతకాలపు_కాంక్రీటు

మన చెన్నై పాడి ఫ్లైఓవర్ ఎక్కి చూడండి నాయనా. సుందరం క్లేటన్ బ్రేక్స్ విభాగానికి 1998లోనే నాణ్యతకి జపాన్ వాళ్ళిచ్చే డెమింగ్ బహుమతి వచ్చింది, మన దేశంలో మొదటిది. 2002లో టీవీఎస్ మోటార్. అది టీక్యూఎం (సంస్థలో అందరూ కలిసి నాణ్యత చూసే పద్ధతి) కదా, లీన్ కాదు కదా అంటారేమో. కార్మికుడు తప్పు చెప్పగలగాలి, మూలం దగ్గర సరిచేయాలి అన్న చోట రెండూ ఒకటే. మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల బెల్టులో వేలమందికి ఈ అలవాటు చేతుల్లో ఉంది. మన నిర్మాణం వాళ్ళం వాళ్ళని ఒక్కసారి పిలిచి టీ తాగించి అడగలేదు.

ఒరగడం_క్యూసీ

సార్ అనుమానం నిజమే. స్టాకు బిల్లు కోసం.

మా కాంట్రాక్టులో పోత పూర్తయిన క్యూబిక్ మీటర్‌కే డబ్బులో పెద్ద భాగం వస్తుంది. నిలబెట్టాక కొంచెం, గ్రౌట్ అయ్యాక ఇంకొంచెం. దాంతో నెలాఖరులో ఏ అచ్చు ఖాళీగా ఉంటే అది పోసేస్తారు. సైటుకి ఐదో అంతస్తు కావాలి, మేం ఎనిమిదో అంతస్తు గోడలు పోస్తుంటాం. ఎందుకంటే ఆ గోడ అచ్చు అప్పటికే బిగించి ఉంది, మార్చాలంటే సగం షిఫ్టు పోతుంది. పోసినవాటిని ముందూ వెనకా చూడకుండా పేర్చేస్తారు. కావాల్సిన ప్యానెల్ అడుగున ఉంటుంది. దాన్ని తీయడానికి పైవి దించి ఎత్తితే అంచులు రాలుతాయి. అంచు రాలితే ఫినిషింగ్ గ్యాంగ్ మళ్ళీ యార్డుకి వస్తుంది!

పోత గ్యాంగుకి కూడా ప్యానెల్ లెక్కనే కూలి. ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు ఎక్కువ. హనీకూంబ్ పడితే నాకు చెప్పరు, రాత్రే సిమెంటు పాలు పూసేస్తారు. చెప్తే కూలి కోత. నేనైనా అదే చేస్తాను.

నమ్మను_గాక_నమ్మను

అగో. నేను మొదటి నుంచి చెప్తున్నది గదే. పైసలు పోతకిస్తే పోతే ఎక్కువైతది. మీరు ఆండాన్ దీపం అనుండ్రి, కాన్‌బాన్ చీటీ అనుండ్రి, బిల్లు ముంగట ఏదీ నిలవది.

ఆటోలైన్_శీను

ఈ మాట మాత్రం ఒప్పుకుంటా అన్నా. కానీ బిల్లు మారేదాకా చేతులు కట్టుకోని కూర్చోవాల్సిన పని లేదు. అచ్చు మార్చేదానికి సగం షిఫ్టు అన్నారు కదా, అది తగ్గించండి. మా ప్రెస్ షాపులో డై మార్చేదానికి ఒకప్పుడు గంటలు పట్టేదంట, ఇప్పుడు నిమిషాలు. జపాన్ ఇంజినీరు షింగో చెప్పిన కిటుకు చిన్నదే: అచ్చు ఆగిన తరవాత చేసే పనులు ఏవి, ఆగకముందే పక్కన సిద్ధం చేసుకోగలిగినవి ఏవి, విడదీయండి. సైడ్ షట్టర్లు, మాగ్నెట్లు, బాక్సులు, గొట్టాలు అన్నీ తరవాతి ప్యానెల్‌కి ఒక ట్రాలీలో ముందే సర్ది పెట్టుకోండి. మార్పు తొందరగా అయితే సైటుకి కావాల్సిన వరసలోనే పోయొచ్చు. అప్పుడు ఎనిమిదో అంతస్తు ఎందుకు పోస్తారు?

సిక్కోలు_మేస్త్రి

అందరికీ దండాలు. మాది శ్రీకాకుళం జిల్లా. సైటుల్లో ప్యానెళ్ళు నిలబెట్టి గ్రౌట్ ఏయించే పని నాది, శానా ఏళ్ళుగా మద్రాసులోనే ఉన్నాను. పెద్దాయన జాయింటు మాట ఎత్తినారు కాబట్టి సెప్తన్నాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గోడకి అడుగున గొట్టాలుంటాయి. కింద అంతస్తు నుంచి లేసిన ఇనుపకడ్డీ ఆ గొట్టంలోకి దూరాల. పది గొట్టాలుంటే తొమ్మిది దూరతాయి, ఒకటి దూరదు. గోడ క్రేన్‌కి ఏలాడతంటాది, కింద ఇంజినీరు గడియారం సూస్తంటాడు. అప్పుడు కుర్రోడు ఏటి సేస్తాడు? కడ్డీని గ్యాస్‌తో ఎర్రగా కాల్సి ఒంచుతాడు, నేకపోతే కోసీసి గోడ దించీస్తాడు. పైనుంచి సూస్తే అంతా బాగుంటాది. ఆ కోసీసిన కడ్డీ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. నాను ఒప్పుకోను, అందుకే నా మీద ఇంజినీర్లకి కోపం.

ఇంకోటి గ్రౌట్. 25 కేజీల సంచికి ఎంత నీళ్ళో సంచి మీదే ఉంటాది. మే నెల ఎండలో గ్రౌట్ తొరగా బిగుసుకుపోతాది, పంపు లాగదు. హెల్పరు ఇంకో మగ్గు నీళ్ళు పోసీసి మజ్జిగలా సేసేస్తాడు. నాను ఏటి సేసినానంటే, సంచికి సరిపడా నీళ్ళు పట్టే డబ్బా ఒకటి కోయించినాను. దానికి మించి పోద్దామన్నా పొర్లిపోతాది. డ్రమ్ములో నీళ్ళు నీడలో ఉంచి, ఐసు గెడ్డలు ఏసి, పని తెల్లారగట్టే మొదలెడతాం. కింద కన్నం నుంచి పంపితే పైకన్నం నుంచి గ్రౌట్ కారాల. కారకపోతే ఎక్కడో గాలి ఉన్నట్టు. కారిన కన్నానికే ముక్క బిగించి సున్నంతో టిక్కు పెడతాం. మీరనే లీన్ ఇదేనో కాదో నాకు తెల్దు.

2014లో మౌలివాక్కంలో కూలిన బిల్డింగు ప్రీకాస్ట్ కాదు. అయినా అందులో పోయిన 61 మందిలో మా ఉత్తరాంధ్రోళ్ళు ఎంతమందో మాకు తెలుసు. అంచేత ఈ పనిలో నవ్వులాటలు నేవు.

పాతకాలపు_కాంక్రీటు

మేస్త్రిగారూ, మీ డబ్బాకి ఫ్యాక్టరీల్లో పోకా యోకే (తప్పు చేద్దామన్నా కుదరనివ్వని ఏర్పాటు) అని పెద్ద పేరుంది. ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నికార్సయిన లీన్.

డ్రాయింగ్_బోర్డు

తరమణిలో డిజైన్ ఆఫీసులో పనిచేస్తాను. అందరూ ఫ్యాక్టరీనీ సైటునీ అంటున్నారు, మా వంతు ఎవరూ తీయలేదు, నేనే తీస్తాను.

ఒక అంతస్తులో నాలుగు ఫ్లాట్లుంటే రెండు రకాల ఫ్లాట్లతో సరిపెట్టొచ్చు. కానీ మార్కెటింగ్ వాళ్ళు వస్తారు: అన్నిటికీ తూర్పు గుమ్మం కావాలి, వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి, లేకపోతే అమ్ముడుపోదు. మన తెలుగు కొనుగోలుదార్లు ఇందులో ఎవరికీ తీసిపోరు. ఫ్లాటుని అద్దంలో తిప్పినట్టు తిప్పితే కాగితం మీద ఒక కమాండ్. ఫ్యాక్టరీలో ప్రతి గోడకీ కుడిదీ ఎడమదీ. బాక్సులు అటుపక్క, గొట్టాలు ఇటుపక్క. ఒకదాని షాప్ డ్రాయింగ్ చూసి ఇంకోటి పోయడం ఎంత తేలికో ఊహించుకోండి. వాస్తు వద్దనడం లేదు, దానికయ్యే అచ్చుల ఖర్చు, తప్పుల ఖర్చు మార్కెటింగ్ వాళ్ళకి కనిపించాలంటున్నాను.

రెండోది రివిజన్లు. ఎలక్ట్రికల్ కన్సల్టెంటు ఏసీ పాయింటు జరుపుతాడు. సైటులో కట్టే ఇంట్లో అయితే గోడ చెక్కి జరుపుతారు, సర్దుకుంటుంది. ప్రీకాస్ట్‌లో ఆ గోడ అప్పటికే పోసి ఉంటుంది. అందుకే డిజైన్ ఒక తేదీన గడ్డకట్టాలి. ఆ తేదీ తరువాత మార్పు అడిగినవాళ్ళు డబ్బు కట్టాలి. ఇది రాయించుకోని ప్రాజెక్టుల్లో ఎన్ని కైజెన్లు (చిన్న చిన్న మెరుగులు) చేసినా ఫ్యాక్టరీ వాళ్ళు మా రివిజన్ల వెనక పరిగెత్తడమే సరిపోతుంది.

మేస్త్రిగారి గొట్టం సంగతికి నాదో ప్రశ్న. ఆ గొట్టాలు పట్టి ఉంచడానికి ఫ్యాక్టరీలో స్టీలు టెంప్లేటు వాడుతున్నారా, బైండింగ్ వైరుతో కడుతున్నారా?

ఒరగడం_క్యూసీ

బైండింగ్ వైరే. వైబ్రేటర్ తగిలితే జరుగుతాయి. టెంప్లేటు గీసినది ఉంది, చేయించలేదు.

సొంతిల్లు_ఎప్పుడో

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఐటీ. ఓఎంఆర్ మీద ప్రీకాస్ట్ టవర్లో ఫ్లాటు చూశాం, అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నాం. మీ దారం చదివాక మా ఆవిడ వద్దంటోంది. ఏం చూసుకోవాలి?

డ్రాయింగ్_బోర్డు

కంగారు పడకండి. సైటులో పోసే ఇంట్లో ఇవే తప్పులు ప్లాస్టర్ కింద దాక్కుంటాయి, అంతే తేడా. బయటి గోడల జాయింట్లలో సీలెంట్ ఏది, ఎన్నేళ్ళకి మార్చాలి, ఆ ఖర్చు అసోసియేషన్‌దా బిల్డర్‌దా అని అడగండి. ఒక మంచి వాన తరువాత పై అంతస్తుల్లో కిటికీ మూలలు చూడండి. గోడలే భారం మోసే పద్ధతి అయితే తరువాత గోడ తీసేసి హాలు పెద్దది చేసుకోవడం, ఏసీ పైపు కోసం గాడి చెక్కడం కుదరదు. ఎక్కడ డ్రిల్ చేయొచ్చో చూపే డ్రాయింగ్ తాళాలతో పాటు తీసుకోండి.

చూడాలంటే పెరుంబాక్కంలో కేంద్రం లైట్ హౌస్ ప్రాజెక్టు కింద కట్టిన 1,152 ఇళ్ళు ప్రీకాస్టే. 12 బ్లాకులు, 2022 మేలో ప్రారంభమైంది. ఆదివారం అటు వెళ్ళి, ఉంటున్నవాళ్ళని నాలుగు మాటలు అడిగిరండి. బ్రోషర్ కన్నా అది నయం.

నిర్వాహకుడు

ఫ్లాటు కొనుగోలు ప్రశ్నలకి వేరే దారం ఉంది. ఇక్కడ తయారీ గురించే కొనసాగించండి.

ఒరగడం_క్యూసీ

కొంచెం ఆలస్యంగా వస్తున్నాను, చెప్పడానికి సంగతులున్నాయి.

షెడ్డు మొత్తం మార్చే అధికారం నాకు లేదు. ఒకే ఒక టిల్టింగ్ టేబుల్ (ప్యానెల్ పోసి, వంచి ఎత్తే అచ్చు బల్ల) అడిగి తీసుకున్నాను. దాని మీద రెండు నియమాలు. ఒకటి, నిన్నటి ప్యానెల్ ఎత్తి, కొలిచి, తప్పులు టేబుల్ పక్కన బోర్డు మీద రాసేదాకా ఈరోజు కాంక్రీటు పోయకూడదు. రెండు, ఆ టేబుల్ ప్యానెళ్ళని ఫినిషింగ్ గ్యాంగ్ ముట్టుకోకూడదు, ప్యాచ్ కావాలంటే పోసినవాళ్ళే చేయాలి, చేసిన గంటలకి రోజు కూలి లెక్కన డబ్బు. రెండో నియమానికి హెచ్ఆర్‌తో పెద్ద యుద్ధమే అయింది.

కూలి కోత లేదని నమ్మకం కుదిరాక కుర్రాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు. ముఖం మీద గుంటలకి మేం ఇన్నాళ్ళూ మిక్స్‌ని తిడుతున్నాం. కాంక్రీటు అంటుకోకుండా పూసే షట్టరింగ్ ఆయిల్ మాప్‌తో కుమ్మరించడం వల్ల అచ్చు అడుగున మడుగులు కడుతోందని ఒడిశా కుర్రాడు చూపించాడు. స్ప్రే చేసి గుడ్డతో తుడిచాక గుంటలు బాగా తగ్గాయి. మిక్స్‌లో చిటికెడు మార్పు చేయలేదు. బాక్సులు జరగడానికి కారణం కండ్యూట్ (కరెంటు వైర్లు పోయే పైపు). పైపుని కొంచెం పొట్టిగా కోసి లాగి బిగిస్తున్నారు, వైబ్రేటర్ తగలగానే అది బాక్సుని లాగేస్తోంది. మాగ్నెట్ బాక్సులు పెట్టాం, పైపు కొంచెం వదులుగా వదిలాం. పని పద్ధతి ఫొటోలతో ఒక షీటు, హిందీలో, ఒడియాలో. ఇంగ్లీషు చార్టులు తీసి పక్కన పెట్టాను.

ఇప్పుడు ఆ టేబుల్ మీద నేను పెట్టుకున్న లెక్క ఒకటే: అచ్చులోంచి ట్రెయిలర్ దాకా చెయ్యి పడకుండా వెళ్ళినవి ఎన్ని. మిగతా టేబుళ్ళకి ఈ లెక్క తీస్తే ఎండీగారికి చూపించలేనంత తక్కువ. అయినా చూపించాను.

గొడవ కూడా అయింది. మొదట్లో ఆ టేబుల్ మీద క్యూబిక్ మీటర్లు తగ్గాయి. ప్రొడక్షన్ హెడ్ మీటింగులో 'క్యూసీ వాళ్ళ లీన్ వల్ల ప్రొడక్షన్ బక్కచిక్కింది' అన్నారు. లీన్ అంటే బక్క అనే కదా, అందరూ నవ్వారు, బానే ఉంది జోకు.

నమ్మను_గాక_నమ్మను

జోకు కాదక్కా, ఆయన చెప్పింది కరెక్టే. క్యూబిక్ మీటర్లు తగ్గినయా లేదా? ఇంకో మాట. ఒక టేబుల్ మీద మీరు పక్కన నిలబడ్డరు కాబట్టి నడిచింది. దీపావళికి, ఛట్‌కు సగం మంది ఊర్లకు పోతరు. కొత్త గ్యాంగు వస్తది. అప్పుడు?

ఆటోలైన్_శీను

అన్నా, క్యూబిక్ మీటర్లలో ఫినిషింగ్ గ్యాంగ్ జీతం, వాళ్ళు వాడే ప్యాచ్ మోర్టార్, మళ్ళీ మళ్ళీ తిప్పే క్రేన్ డీజిల్ తీసేసి చూడండి. సైటులో నిలబెట్టిన ప్యానెళ్ళని మాత్రమే ప్రొడక్షన్ అనండి. అప్పుడు ఏ టేబుల్ బక్కచిక్కిందో తేలతాది.

గ్యాంగు మారే సంగతి మాత్రం నిజం. మాకూ అదే బాధ, కాంట్రాక్టు పిల్లోళ్ళే సగం. అందుకే ఫొటో షీటు, మాగ్నెట్ బాక్సు, మేస్త్రిగారి డబ్బా లాంటివే కావాల. మనిషి బుర్రలో ఉండేది మనిషితో పోతాది, డబ్బాలో ఉండేది డబ్బాతోనే ఉంటాది.

పాతకాలపు_కాంక్రీటు

ఒరగడం అమ్మాయికి ఒక సలహా. ప్రీకాస్ట్ కోసం ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 15916లో కొలతల టాలరెన్సులు (ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో) ఉన్నాయి, అవి ప్యానెల్ పాసా ఫెయిలా చెప్పడానికి. అచ్చు ఎటు జారుతోందో తెలియాలంటే పాస్ అయిన కొలతలు కూడా వరసగా రాయండి. ఈరోజు 1 మి.మీ., వారం తరువాత 2, ఆ తరువాత 3: అన్నీ పాసే, కానీ అచ్చు తెరుచుకుంటోంది. అలాంటి ఎనిమిది గోడలు పక్కపక్కన నిలబెడితే 24 మి.మీ., 20 మి.మీ. జాయింటు ఒకటి పూర్తిగా మూసుకుపోయేంత. సైటువాళ్ళు మీ ప్యానెల్ తప్పంటారు, మీరు పాస్ సర్టిఫికెట్ చూపిస్తారు. ఇద్దరిదీ నిజమే, గోడ మాత్రం పట్టదు.

ఒరగడం_క్యూసీ

ఈరోజు నుంచే రాయిస్తాను సార్.

బిల్లింగ్ సంగతి: నడుస్తున్న ప్రాజెక్టులో క్లయింటు ఒప్పుకోలేదు. రాబోయే టెండర్లో పోతకి తక్కువ, నిలబెట్టి గ్రౌట్ అయ్యాక ఎక్కువ అని మేమే కోట్ చేద్దామని ఎండీగారు అంటున్నారు. ఫైనాన్స్ వాళ్ళు వర్కింగ్ క్యాపిటల్ ఎక్కడిది అంటున్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. తేలలేదు. యార్డులో మాత్రం నవంబరు వానలకి ఎంత కావాలో లెక్కేసి, దానికి మించితే ఆ రకం పోత ఆపాలని ఒప్పించాను.

మేస్త్రిగారూ, గొట్టాల టెంప్లేటు తయారవుతోంది. 6 మి.మీ. ప్లేటు, రంధ్రాలు లేజర్‌తో కోయిస్తున్నాం. మీరొకసారి వచ్చి చూసి, నిలబెట్టేటప్పుడు ఎక్కడ పట్టుకుంటుందో చెప్తే బాగుంటుంది.

సిక్కోలు_మేస్త్రి

వస్తాను తల్లీ, ఆదివారం సైటు ఉండదు. కానీ టెంప్లేటు ఒక్కటే సేయించకండి, రెండు సేయించండి, ఒకే కోతలో. ఒకటి మీ అచ్చుకి, ఒకటి మా సైటుకి. కింద స్లాబు పోసేటప్పుడు లేసే కడ్డీలకి మాము దాన్నే బిగిస్తాం. మీ గొట్టమూ మా కడ్డీ ఒక ప్లేటులోంచే వస్తే ఇంక గ్యాస్ కట్టర్‌తో పనేటుంది?

ఒరగడం_క్యూసీ

ఇప్పుడే వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. రెండు చేయమన్నాను.